గుంతలో పడిన అల్లాయ్ చక్రం: సరిచేయించాలా, మార్చేయాలా?

సూరత్‌కు దక్షిణాన, ముంబై వెళ్లే రైలు మార్గంలో ఉధ్నా దాటగానే వచ్చే స్టేషన్ భేస్తాన్. ఒక పక్క పాండేసరా డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు. ఇంకో పక్క సచిన్ పారిశ్రామికవాడ. బట్టల పార్సిళ్లు, నూలు బస్తాలు మోసే టెంపోలు, లారీలు పగలూ రాత్రీ తిరిగే దారులివి. వానాకాలం వస్తే ఇక్కడి కార్ల వాళ్లకు ఒక అనుభవం తప్పదు. రోడ్డు మీద నీళ్లు నిలుస్తాయి, గుంత ఎంత లోతుందో కనపడదు, ముందు చక్రం 'ధబ్' మని పడుతుంది. బండి ఆగదు, ముందుకు వెళ్లిపోతుంది కాబట్టి అందరూ మర్చిపోతారు. మర్నాడు పొద్దున చూస్తే టైరులో గాలి సగం దిగిపోయి ఉంటుంది. టైరు విప్పిన పంక్చర్ షాపు అతను చెప్పే మాట ఒకటే: టైరు బాగానే ఉంది, రిమ్ వంగింది.

సూరత్‌లో ఈ మాట వినే వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, భేస్తాన్ వంటి చోట్ల తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. తాతలు రైల్లో వచ్చారు, మనవలు కార్లు కొన్నారు. దసరాకు, బతుకమ్మకు అదే కారులో ఇంటిల్లిపాదీ ఎక్కి ధూలే, శంభాజీనగర్, నాందేడ్, నిజామాబాద్ మీదుగా ఊరికి బయల్దేరుతారు. దారి సుమారు తొమ్మిది వందల కిలోమీటర్లు. భేస్తాన్‌లో వంగిన చక్రాన్ని అక్కడే కొట్టించి, వెల్డింగ్ పెట్టించి ఆ దారి పట్టవచ్చా అన్నది షోకుకు సంబంధించిన ప్రశ్న కాదు. కారులో ఉన్న ఐదుగురి ప్రాణాలకు సంబంధించినది.

జవాబు తెలియాలంటే ముందు ఆ లోహం సంగతి తెలియాలి.

మామూలు ఇనుప చక్రాన్ని మెకానిక్కులు 'డిస్క్' అంటారు. అది ఉక్కు రేకును వంచి, నొక్కి, అతికి చేసినది. అల్లాయ్ చక్రం అలా కాదు. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, అర శాతం కూడా లేని మెగ్నీషియం కలిపిన మిశ్రమ లోహాన్ని కరిగించి అచ్చులో పోస్తారు. పరిశ్రమలో దీన్ని ఏ356 అంటారు. సిలికాన్ వల్ల కరిగిన లోహం అచ్చులోని మూలమూలకూ పారుతుంది. కానీ పోత పోయగానే చక్రానికి బలం రాదు. దాన్ని 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి కాచి, ఒక్కసారిగా నీళ్లలో ముంచి, మళ్లీ 150 నుంచి 180 డిగ్రీల మధ్య కొన్ని గంటలు నిలకడగా వేడి చేస్తారు. ఈ మొత్తం ప్రక్రియ పేరు టీ6. మెగ్నీషియం, సిలికాన్ కలిసి కంటికి కనపడని సన్నని రేణువులుగా లోహమంతా పరుచుకునేది ఈ చివరి దశలోనే. చక్రం గట్టిదనమంతా ఆ రేణువుల పంపకంలో ఉంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే రిపేరు గురించిన సగం సందేహాలు వాటంతటవే తీరిపోతాయి.

ఈ చక్రాల తయారీ మనకు కొత్త కాదు. గుజరాత్‌లోనే మెహసానాలో స్టీల్ స్ట్రిప్స్ వీల్స్ సంస్థ కర్మాగారం ఉంది. విశాఖపట్నం దువ్వాడలోని ప్రత్యేక ఆర్థిక మండలి నుంచి సినర్జీస్ కాస్టింగ్స్ విదేశీ కార్ల కంపెనీలకు అల్లాయ్ చక్రాలు ఎగుమతి చేసింది. పోత పోసిన వాటికన్నా ఖరీదైనవి, దుక్క లోహాన్ని ప్రెస్సు కింద నొక్కి చేసే ఫోర్జ్‌డ్ చక్రాలు. పోత చక్రం అంచును వేడిలో రోలర్లతో సాగదీసి పలచగా, గట్టిగా చేసే ఫ్లో ఫార్మింగ్ ఈ రెండింటికీ మధ్యస్థం. భేస్తాన్ రోడ్ల మీద కనపడేవన్నీ దాదాపు పోత చక్రాలే.

అల్లాయ్ అనగానే తేలిక అనుకుంటారు. అల్యూమినియం సాంద్రత ఉక్కులో మూడో వంతు మాత్రమే అన్నది నిజమే. కానీ బలం కోసం దాన్ని మందంగా పోయాలి. పైగా కారు కొన్నాక అంగుళమో రెండంగుళాలో పెద్ద సైజు వేయించుకుంటారు. దాంతో చిన్న కార్లలో ఇనుప డిస్క్‌కూ అల్లాయ్‌కూ బరువులో చెప్పుకోదగ్గ తేడా మిగలదు. మైలేజీ పెరుగుతుందన్న మాట షోరూములోనే ఎక్కువగా వినిపిస్తుంది, పెట్రోలు బిల్లులో అంతగా కనిపించదు. అసలు లాభాలు వేరే ఉన్నాయి. చక్రం కచ్చితమైన గుండ్రంగా ఉంటుంది, బిర్రుగా ఉంటుంది, బ్రేకుల వేడిని త్వరగా లాగేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కూడా. అది చిన్న కారణమేమీ కాదు.

ఇక గుంత దగ్గరికి వద్దాం. మారుతి స్విఫ్ట్ 2018 మోడల్‌నే తీసుకుంటే, తక్కువ ధర రకానికి 165/80 ఆర్14 టైర్లతో ఇనుప డిస్కులు, పై రకాలకు 185/65 ఆర్15 టైర్లతో అల్లాయ్‌లు వచ్చాయి. టైరు మీది ఈ అంకెల్లో మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది చక్రం వ్యాసం అంగుళాల్లో. లెక్క కడితే మొదటి టైరు పక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, రెండోదానిది 120. ఇక యజమాని సొంతంగా 16 అంగుళాల చక్రాలకు వెళ్లి 195/55 ఆర్16 వేయించుకుంటే అది 107కు దిగుతుంది. మొత్తం వ్యాసం మూడింటిలోనూ 620 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, కాబట్టి స్పీడోమీటరుకు ఇబ్బంది లేదు. కానీ గుంత అంచు తగిలినప్పుడు దెబ్బను మింగే రబ్బరు గోడ పాతిక మిల్లీమీటర్లు తగ్గిపోయింది. గాలి కూడా తక్కువుంటే రోడ్డు అంచుకూ రిమ్‌కూ మధ్య టైరు నలిగి, దెబ్బ నేరుగా లోహానికి తగులుతుంది.

అది కూడా ఎక్కువసార్లు లోపలి అంచుకే. చక్రానికి బయటి వైపు పుల్లలు దన్నుగా ఉంటాయి. లోపలి అంచు మాత్రం కారు కిందికి దన్ను లేకుండా సాగి ఉంటుంది. అందుకే బయట నిలబడి చూస్తే నిగనిగలాడే చక్రం లోపల వంగి ఉండవచ్చు. జాకీ ఎత్తి, చక్రం తిప్పుతూ వెనక నుంచి చూస్తేగానీ తెలియదు.

ఉక్కు ఇలాంటి దెబ్బకు వంగుతుంది. చాలా దూరం సాగాక గానీ తెగదు, లాగితే పొడవులో పాతిక శాతానికి పైగా సాగగలదు. టీ6 చేసిన పోత అల్యూమినియం సాగేది అయిదు నుంచి పది శాతం లోపే. కొంత వంగి, ఆపైన పగులుతుంది. ఇంకో తేడా కూడా ఉంది, అది మరీ ముఖ్యం. ఉక్కు మీద పడే ఒత్తిడి ఒక హద్దు లోపలే ఉంటే ఎన్ని కోట్ల సార్లు అటూ ఇటూ వంచినా దానికి అలసట రాదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న పగులు పుట్టిందంటే ప్రతి చుట్టులోనూ కొద్దికొద్దిగా పెరుగుతూనే పోతుంది. స్విఫ్ట్ టైరు చుట్టుకొలత రెండు మీటర్ల కన్నా కాస్త తక్కువ. అంటే భేస్తాన్ నుంచి సిరిసిల్ల చేరేలోపు ఒక్కో చక్రం నాలుగున్నర లక్షల సార్లకు పైగా తిరుగుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకు పద్నాలుగు చుట్లు. గోరంత పగులుకు ఆ దారి చిన్నదేం కాదు.

కొలిమి కన్ను పనికిరాని చోటు

వంగిన చక్రాన్ని సరిచేసే షాపులు ఇప్పుడు అన్ని నగరాల్లోనూ ఉన్నాయి. పద్ధతి దాదాపు ఒకటే. చక్రాన్ని ఇరుసుకు బిగించి తిప్పుతూ, వంగిన చోటును గుర్తించి, హైడ్రాలిక్ జాకీతో నెమ్మదిగా నెడతారు. మంచి షాపులో డయల్ గేజ్ పెట్టి, చక్రం పక్కకూ పైకీ ఎంత ఊగుతోందో మిల్లీమీటరులో పదో వంతు వరకు కొలుస్తారు. నాసిరకం షాపులో సుత్తి, కర్రదిమ్మ, ఒక గ్యాస్ మంట ఉంటాయి.

ప్రమాదమంతా ఆ మంట దగ్గరే. ఇనుముతో పనిచేసిన వాళ్లకు వేడిని రంగుతో చదివే అలవాటుంటుంది. నల్లటి ఇనుము ముదురెరుపై, చెర్రీ ఎరుపై, నారింజ రంగులోకి వస్తే ఎంత కాగిందో కన్నే చెబుతుంది. అల్యూమినియం అలా ఎర్రబడదు. 200 డిగ్రీల దగ్గరా, 400 దగ్గరా ఒకేలా వెండి రంగులో ఉంటుంది. ఈ మిశ్రమ లోహం 600 డిగ్రీల చుట్టుపక్కల రంగు మారకుండానే కరిగి జారిపోతుంది. చక్రానికి బలాన్నిచ్చిన చివరి కాపు 180 డిగ్రీల లోపు కదా. మంట పెట్టి అంతకు మించి వేడిచేస్తే ఆ సన్నని రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, అక్కడ లోహం మెత్తబడుతుంది. పైకి ఏ గుర్తూ ఉండదు. తర్వాత నీళ్లు చల్లితే పోయిన బలం రాదు. దాన్ని తిరిగి తేవాలంటే మొత్తం చక్రాన్ని మళ్లీ 540 డిగ్రీలకు తీసుకెళ్లాలి, అది రోడ్డు పక్క షాపులో అయ్యే పని కాదు. కొందరు పనివాళ్లు వేడి కొలిచే సుద్దలు, లేజర్ థర్మామీటర్లు వాడతారు. అవి లేని చోట చక్రాన్ని మంటకు అప్పగించకపోవడం మేలు.

పగిలిన చక్రానికి చేసేది ఆర్గాన్ వెల్డింగ్. ఆర్గాన్ వాయువు కప్పుతుండగా టంగ్‌స్టన్ పుల్లతో విద్యుత్ మంట పుట్టించి, అల్యూమినియం తీగను కరిగించి పగులు పూడుస్తారు. నేర్పరి చేతిలో అతుకు అందంగానే వస్తుంది, గాలి కూడా నిలుస్తుంది. కానీ అతుకుకు రెండు పక్కలా కొంత మేర లోహం టీ6 గుణాన్ని కోల్పోతుంది. పగులు మళ్లీ వస్తే సాధారణంగా అతుకు మధ్యలో రాదు, ఆ మెత్తబడిన అంచున వస్తుంది. యూరప్‌లో టైర్లు, రిమ్‌ల ప్రమాణాలు చూసే సాంకేతిక సంస్థ వేడిచేయడం, వెల్డింగ్, లోహం కలపడం, తీసేయడం వంటి మార్గాల్లో చక్రాల రిపేరు కూడదంటుంది. జర్మనీ మార్గదర్శకాలు పైపై గీతలను చదును చేసి రంగు వేయడం వరకే ఒప్పుకుంటాయి. మన దేశంలో ఈ పనికి లైసెన్సు అడిగేవారు లేరు, అందుకే నిర్ణయం మొత్తం బండి యజమాని నెత్తిన పడుతోంది.

వెల్డింగ్ కన్నా చౌకైన చిట్కా ఇంకొకటుంది. పగిలిన రిమ్‌లో గాలి నిలవకపోతే ట్యూబ్‌లెస్ టైరు లోపల ట్యూబ్ వేసి పంపేస్తారు. గాలి దిగడం ఆగిపోతుంది, యజమాని సంతోషంగా వెళ్లిపోతాడు. నిజానికి అతను పోగొట్టుకున్నది ఒక హెచ్చరికను. పగులు ఉందని చెబుతున్నది గాలి దిగడమే. ట్యూబ్ ఆ నోరు మూసింది, పగులు మాత్రం పెరుగుతూనే ఉంది. వెల్డింగ్ కన్నా ఇదే పెద్ద తప్పు.

అయితే ప్రతి దెబ్బకూ చక్రం పారేయాలని కాదు. ఫుట్‌పాత్‌కు రాసుకుని గీతలు పడితే అది రంగు పని. నిక్షేపంగా చేయించుకోవచ్చు. లేత్ మీద పైపొర కోసి మెరిపించే డైమండ్ కట్ చక్రాలకు మాత్రం ఆ కోత ఒకటి రెండు సార్లకు మించి పనికిరాదు, ప్రతిసారీ లోహం తరుగుతుంది. లోపలి అంచు కొద్దిగా వంగి, పగులు ఏమాత్రం లేకపోతే, మంట లేకుండానో అదుపులో ఉన్న తక్కువ వేడితోనో జాకీతో ఒకసారి సరిచేయించడం ఆచరణలో ఒప్పుకోదగ్గ రాజీ. కారు కంపెనీలు దానికీ తల ఊపవు. సరిచేశాక రెండు పరీక్షలు అడిగి చేయించుకోవాలి. ఒకటి, ఊగు ఎంతో గేజ్ మీద చూపించమనడం. మిల్లీమీటరుకు మించి ఉంటే పని పూర్తి కానట్టే. రెండు, పగుళ్ల పరీక్ష. ఎర్రటి రంగు ద్రవం చల్లి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, తెల్లటి పొడి చల్లితే పగులులో దాగిన ఎరుపు గీతలా పైకి వస్తుంది. మూడు స్ప్రే డబ్బాల ఖర్చు. అదే చోట రెండోసారి వంగితే మాత్రం ఇక సరిచేయించకూడదు. పుల్ల మీద, నట్ల రంధ్రాల చుట్టూ, నడుమ హబ్ దగ్గర వెంట్రుకంత పగులు కనపడినా ఆ చక్రం పని అయిపోయినట్టే. 'వెనక చక్రానికి వేసుకోండి, ఏం కాదు' అనే సలహా వింటుంటాం. వేగంలో వెనక చక్రం విరిగితే బండి గిరగిరా తిరుగుతుంది. అది ముందు చక్రం విరగడం కన్నా తక్కువ ప్రమాదమేం కాదు.

వణుకు వచ్చిన ప్రతిసారీ రిమ్ వంగిందనీ అనుకోనక్కర్లేదు. ఖాడీలు పొంగి బస్తీల్లో నీళ్లు నిలిచే సూరత్‌లో, ఆ నీళ్లలోంచి వచ్చిన కారు చక్రాల లోపల బురద పేరుకుని ఎండుతుంది. వంద గ్రాముల మట్టి ఒక పక్కన అంటుకున్నా ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. ముందు నీళ్ల పైపుతో లోపలి వైపు కడిగి చూడాలి. కడిగేటప్పుడు ఆమ్లం కలిపిన క్లీనర్లు వద్దు, పైనున్న లక్క పొరను తినేస్తాయి. ఆ పొర ఒకచోట చిట్లితే చాలు, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో దాని కింద పురుగు పాకినట్టు తెల్లటి తుప్పు గీతలు బయల్దేరతాయి. టైరు అంచు కూర్చునే చోట అలాంటి తుప్పు పడితే వంకర, పగులు ఏవీ లేకుండానే గాలి మెల్లగా దిగుతుంది. దానికి టైరు విప్పి ఆ చోటు రుద్ది శుభ్రం చేస్తే సరిపోతుంది.

మార్చేటప్పుడు చూడాల్సినవి

కొత్త చక్రం కొనేటప్పుడు డిజైన్ కన్నా ముందు సరిపోవాల్సిన అంకెలు కొన్ని ఉన్నాయి. నట్ల రంధ్రాల వలయం మొదటిది. స్విఫ్ట్‌కు 4×100, అంటే వంద మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు రంధ్రాలు. క్రెటాకు 5×114.3. ఇది కుదరకపోతే చక్రం ఎక్కదు కాబట్టి పొరపాటు వెంటనే బయటపడుతుంది. పొరపాటు దాగేది మిగతా రెండింటిలో. నడి రంధ్రం స్విఫ్ట్‌కు 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే చక్రాలు రకరకాల కార్లకు పనికొచ్చేలా దాన్ని పెద్దగా పెడతారు. ఆ ఖాళీని నింపే రింగు వేయకపోతే చక్రాన్ని నడిమధ్య నిలిపే భారం నట్ల మీదే పడి, ఎంత బ్యాలెన్సింగ్ చేసినా సన్నని వణుకు పోదు. ఇంకొకటి ఆఫ్‌సెట్. చక్రం మీద 'ఈటీ' అని ఉండే అంకె అది. చక్రం వెడల్పు నడిగీతకూ, హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం. అది తగ్గితే చక్రం బయటకు పొడుచుకొస్తుంది. చూపుకు ఠీవిగా ఉంటుందని కొందరు కావాలనే అలా వేయిస్తారు. బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ తీరు మారుతుంది, నిండుగా మనుషులెక్కితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

మోయగల బరువు కూడా చూడాలి. చక్రం వెనక పోతలోనే సైజు, ఆఫ్‌సెట్, గరిష్ఠ భారం అచ్చయి ఉంటాయి. అవేవీ లేని చక్రం ఎంత చౌకగా వచ్చినా వద్దు. జేడబ్ల్యూఎల్ అన్నది జపాన్ ప్రమాణానికి తగ్గట్టు చేశామని తయారీదారు తనకు తాను ఇచ్చుకునే హామీ. పక్కన వీఐఏ గుర్తు ఉంటే బయటి సంస్థ దగ్గర నమోదైనట్టు. మన దేశంలో కార్ల అల్లాయ్ చక్రాలకు ఐఎస్ 16192 ప్రమాణం ఉంది. రిమ్‌లకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. ఈ ప్రమాణాల పరీక్షలు కఠినంగానే ఉంటాయి. మలుపుల్లో పడే వంపును, నిలువు భారాన్ని లక్షల చుట్ల పాటు మోయాలి, చక్రాన్ని 13 డిగ్రీలు వాల్చి అంచు మీద బరువు పడేసినా పుల్లలు విడిపోకూడదు. నకిలీ అచ్చులో ఇవే అక్షరాలు పోయడం కష్టమేం కాదు. అందుకే బిల్లు, వారంటీ ఇచ్చే దుకాణం ముఖ్యం. పాత చక్రాలు కొనేవాళ్లు వెనక వైపు కొత్తగా రంగు వేసి ఉంటే అనుమానించాలి. ఎవరికీ కనపడని చోట రంగు వేయడానికి వెల్డింగ్ మచ్చ తప్ప పెద్ద కారణం ఉండదు.

బీమా సంగతి క్లుప్తంగా. మామూలు సమగ్ర పాలసీలో టైర్ల నష్టం, బండికి కూడా నష్టం జరిగినప్పుడే, అదీ సగం మేరకే వస్తుంది. గుంతలో పడి రిమ్, టైరు మాత్రమే పోతే టైర్లు, రిమ్‌ల కోసం విడిగా తీసుకునే అదనపు కవర్ ఉండాలి. బయట వేయించిన అల్లాయ్‌ల విలువను పాలసీలో రాయించకపోతే క్లెయిమ్ దగ్గర అవి లెక్కలోకి రావు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. కంపెనీ తన పై రకాలకు ఇచ్చిన సైజు దాటకుండా ఉంటే ఈ తలనొప్పి లేదు.

పనికిరాదని తేలిన చక్రాన్ని తుక్కు దుకాణంలో బరువుకు అమ్మేయవచ్చు. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతుతోనే పాతది కరిగిపోతుంది కాబట్టి దానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. ఇచ్చే ముందు అంచును రంపంతో ఒకచోట కోయించడం మంచిది. లేకపోతే అదే చక్రం రంగు పూసుకుని ఇంకెవరి కారుకో ఎక్కుతుంది.

కొత్త చక్రం వేసుకుని ఊరికి బయల్దేరే వాళ్లు స్టెప్నీ కూడా ఒకసారి తీసి చూడాలి. టైర్ల గాలిని కనిపెట్టే వ్యవస్థ, రిపేరు కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ లేకున్నా ఫర్వాలేదని 2020లో నిబంధన సడలించారు. ఆ కిట్‌లోని జిగురు మేకు దిగిన టైరుకే పనికొస్తుంది, పగిలిన రిమ్‌కు కాదు. ఇనుప డిస్క్ నుంచి అల్లాయ్‌కు మారిన వాళ్లు నట్లు కూడా ఆ చక్రానికి తగ్గవేనా అన్నది అడగాలి. కూర్చునే చోటు కొన్నింటికి కోసుగా, కొన్నింటికి గుండ్రంగా ఉంటుంది. ఒకదాని నట్టు రెండోదానికి బిగిసినట్టే అనిపించి దారిలో వదులవుతుంది. బిగింపు గాలి గన్నుతో ముగించకుండా టార్క్ పానాతో, కారు పుస్తకంలో రాసినంతే బిగించాలి. అల్యూమినియం మొదట్లో కొద్దిగా సర్దుకుంటుంది, కాబట్టి యాభై నుంచి వంద కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ సరిచూడాలి. భేస్తాన్ నుంచి ధూలే దారి పట్టిన వాళ్లకు అది వ్యారా దగ్గర టీ తాగే చోటు.